నాటు ఎనుకకు ఏస్తరు

ఫిబ్రవరి ఏడు, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు నా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి నా మంచం మీద ఒక కాగితాల కుప్ప పోసింది. ఒక్కొక్కటీ నాలుగో వంతుకు చింపిన తెల్ల కాగితం. వాటిని పీర్ ఫీడ్‌బ్యాక్ అంటారట. తోటి పిల్లలు చూసి చెప్పిన మాట అని తెలుగులో అనవచ్చు, కానీ అలా అంటే మార్కులు రావు కాబోలు.

ముందు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఇరవై ఆరింటిలో "సూపర్" అని ఉంది. ఆ ఇరవై ఆరుగురిలో తొమ్మిది మందికి ఆ ఒక్క మాటకు దీర్ఘం ఇవ్వడం కూడా చేతకాలేదు. ఆరుగురు "నైస్ సాంగ్" అన్నారు. ముగ్గురు చీర బాగుందన్నారు. ఇద్దరు డ్రోన్ ఉంటే ఇంకా బాగుండేదన్నారు. ఒకడు "లవ్ ట్రాక్ మిస్సింగ్" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఇద్దరు ఏమీ రాయకుండా బొటనవేలు బొమ్మ వేశారు. డిగ్రీ చదువుతున్న పిల్లలు వీళ్ళు. మిగిలిన కాగితం ఒకటే. ఇది రాస్తున్నది ఆ కాగితం గురించి.

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. చర్చి వెనక సందులో, కొడుకు ఇంట్లో ముందు గది నాది. ఈ మనవరాలు నా కొడుకు కూతురు, డిగ్రీ మొదటి ఏడు. వాళ్ళ క్లాసులో ఇష్టమున్నవాళ్ళను ఐదు గుంపులు చేసి, ఒక్కో గుంపు ఒక్కో పాటకు వీడియో తియ్యాలన్నారు. క్లాసు చూసి చెప్పినదాన్ని బట్టి దిద్దుకుని వారం తరువాత మళ్ళీ చూపించాలి. ఐదింట్లో ఒకదాన్ని ఎంచి ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన కాలేజీ డే రోజు ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేస్తారు. పాట రాసిందీ పాడిందీ మా పిల్లే. తన గొంతు ఇంటి వాళ్ళు కాక ఇంకెవరైనా వినాలన్నది ఆమె కోరిక. ఆ నెలంతా వేరే కోరికేదీ ఆమె నోట నేను వినలేదు. వాళ్ళ నాన్న మాత్రం ఆ గొంతు విన్నప్పుడల్లా టీవీ సౌండు పెంచుతాడు.

పాట వరి నాట్ల గురించి. జనవరి ఇరవై ఆరున కాలేజీలో జెండా ఎగరేసి లడ్డూలు తిన్నాక, మనవరాలు, మరో ఇద్దరు ఆడపిల్లలు, ఎడిటింగ్ చేసే అబ్బాయి కలిసి రామాయంపేట రోడ్డు మీద ఆ అబ్బాయి మామ పొలంలో షూటింగ్ చేశారు. ఆడపిల్లలు నాటు వేశారు, అబ్బాయి ఫోనుతో తీశాడు. ఫిబ్రవరి ఒకటిన నాకు చూపించారు. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లలో అరవై మూడు ముక్కలు. సగటున ముక్కకు నాలుగు సెకన్లు. కన్ను ఆనేలోపే ముక్క మారిపోతుంది. అదే స్టైలట.

నేను కాగితం పెన్సిలు తీసుకుని చూశాను. పదిహేడు తప్పులు దొరికాయి. నాటు వేస్తున్న పిల్ల చేతి గడియారం ఒక ముక్కలో పదకొండు పది చూపిస్తే, తరువాతి ముక్కలో నాలుగు ముప్పై ఐదు చూపించింది. చేతిలో నారు కట్టలు మూడు ఉన్నవి ఎవరూ ఇవ్వకుండానే ఐదయ్యాయి. మడిలో దిగకముందే చెంప మీద బురద ఉంది. పైట ఎడమ నుంచి కుడికి మారింది. అన్నీ చదివి వినిపించాను.

"నాయినమ్మా, నువ్వు వీడియో చూసినవా, పేపర్ దిద్దినవా?" అంది మనవరాలు.

"నాకున్నవి రెండే కండ్లు బిడ్డా. దేనికైనా గవే."

"గడియారం ఎవలు చూస్తరు?"

"నేను చూసిన కదా."

"నీ అసుంటోళ్ళు క్లాసుల లేరు తియ్."

ఆ మాట నిజమేనని నలభై కాగితాలు రుజువు చేశాయి. నలభై ఒకటో కాగితం మాత్రం పెన్నుతో నొక్కి, గుండ్రని అక్షరాలతో ఇలా ఉంది: "పాట బాగుంది. కానీ మీరు ముందుకు నడుస్తున్నరు. నాటు ఎనుకకు ఏస్తరు. ముందుకు నడిస్తే ఏసిన నారంత తొక్కుడే."

పేరు లేదు. పేర్లు రాయవద్దని లెక్చరర్ చెప్పాడట.

వీడియో మళ్ళీ పెట్టించాను. నాటు వేసే ముక్కలు ఇరవై రెండు. ఇరవై రెండింటిలోనూ ముగ్గురు ఆడపిల్లలూ నారు గుచ్చడం, నవ్వుతూ ఒక అడుగు ముందుకు వేసి ఆ నారు మీదే నిలబడడం. పాటలో "పచ్చని బతుకు నాటుదమా" అని వస్తుంటే కింద పచ్చదనం పాదాల కింద నలుగుతోంది. ఆ ఇద్దరు పిల్లలూ టౌన్ వాళ్ళు. అబ్బాయి మామకు పొలమైతే ఉంది కానీ, అబ్బాయి ఏనాడూ ఒడ్డు మీద బండి స్టాండు వేసి నిలబడడమే తప్ప మడిలో కాలు పెట్టలేదు. ఇక నేను. డెబ్బై మూడేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాను. బస్సు కిటికీలోంచి నాట్లు చూడని సంవత్సరం లేదు. గడియారం ముల్లు చూసిన కళ్ళకు పాదాలు కనిపించలేదు. నా జాబితాలో పద్దెనిమిదో తప్పు రాసి, పక్కన "నాది" అని రాసుకున్నాను.

మర్నాడు రెండో శనివారం, సెలవు. ఉదయం పదిన్నరకు ఎడిటింగ్ అబ్బాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. కాగితం చదివి మూతి తిప్పాడు.

"గిదేం పెద్ద ముచ్చట నాయినమ్మా. రెండు నిమిషాల పని. రివర్స్ కొడుతె అయిపాయె."

కొట్టాడు. ముందుకు నడిచిన వాళ్ళు నిజంగానే వెనక్కి నడిచారు. బురదలో ఉన్న నారు ఒక్కో కుచ్చూ లేచి చేతుల్లోకి వచ్చింది. నీటి చుక్కలు కింది నుంచి ఎగిరి వేళ్ళకు అంటుకున్నాయి. వెనకాల ఒక కొంగ తోక ముందుపెట్టుకుని ఎగిరిపోయింది. మనవరాలి నోరు పాటకు సంబంధం లేకుండా ఏదో నమిలింది.

"చూసిండ్రా, ఎనుకకే పోతున్నరు," అన్నాడు.

"నారు ఎటు పోతున్నది?" అని అడిగాను.

కాసేపు తెరలోకి చూశాడు. "చేతులకు వస్తున్నది."

"మరి?"

"నాలుగు సెకన్లే కదా నాయినమ్మా, ఎవలు పట్టుకుంటరు? గా కాగితం రాసినోళ్ళు తప్ప. గది పక్క బ్యాచ్ వాళ్ళ పనే. మమ్ముల కిందికి గుంజాలని రాసిండ్రు."

తప్పు దిద్దుకోవడం కంటే తప్పు చెప్పినవాళ్ళను వెతకడం తేలికని ఇంత చిన్న వయసులోనే నేర్చుకున్నాడు. పైకి వస్తాడు. నేను మనవరాలిని ఒకటే అడిగాను, జనవరిలో మీ క్లాసులో ఎక్కువ రోజులు రానిది ఎవరని.

"ఒకామె ఉంది. శంకరంపేట దిక్కుకెల్లి బస్సుల వస్తది. పదకొండు రోజులు రాలే. వాళ్ళమ్మకు జరమన్నది."

జనవరి అంటే యాసంగి, రెండో పంట నాట్లు. సరిగ్గా నాట్లప్పుడు పదకొండు రోజుల జ్వరం. ఇలాంటి జ్వరాలు నాకు కొత్త కాదు. నా హాజరు పట్టీల్లో ఏటా జూలైలో, జనవరిలో ఎర్ర గీతలు గుంపుగా పడేవి. ఆ పిల్లలను నిలబెట్టి అందరి ముందూ కారణం అడిగేదాన్ని. "జరం టీచర్" అనేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళూ ఆ గీతలన్నీ కూడి బద్ధకం కింద వేశాను. లెక్కల టీచర్ని.

మనవరాలు ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేనుకు వచ్చింది. సన్నగా ఉంది, నూనె రాసి బిగించిన జడ. కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే రెండు చేతులా అందుకుంది.

"గా కాగితం నువ్వేనా రాసింది?" అన్నాడు అబ్బాయి.

"నేనేం రాయలే. నేను సూపర్ అని రాసిన."

"మరి గిది చూడు, మంచిగ చేసినమా చెప్పు," అని వెనక్కి నడిచే ముక్క పెట్టాడు. ఆమె రెండు సెకన్లు చూసి పొంగివచ్చిన నవ్వును ఆపుకోలేకపోయింది. మంచినీళ్ళు పొలమారాయి.

"ఇది నాటా? నారు పీకుడు. గిట్ల పీకితె ఆసామి కట్టె పట్టుకోని ఉరికిస్తడు," అంది. అనేశాక చేత్తో నోరు మూసుకుంది.

మనవరాలు ఆమె పక్కకు జరిగి కూర్చుంది. "మాకు నేర్పుతవా? ఇంకోసారి తీస్తం. నువ్వు ముంగట ఉండాలె."

"రాను."

"ఎందుకే, గంత మంచిగ వస్తది నీకు."

"వస్తది కాబట్టే రాను. మొన్న క్యాంటీన్ల ఒకామె గోర్లల్ల బురద ఉంటె కూలికి పోయినవా అని మీరంత నవ్విండ్రు. నువ్వు గూడ నవ్వినవు."

మా పిల్ల తల వంచుకుంది. అబద్ధం ఆడలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. ఆ గోళ్ళు ఎవరివని నేను అడగలేదు.

ఆ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "వస్త. కానీ నా మొకం కనవడొద్దు. నా పేరు పడొద్దు. క్లాసుల ఎవ్వలకు చెప్పొద్దు. టీచరమ్మ ముంగట మాటియ్యిండ్రి."

ముగ్గురం ఇచ్చాము. ఆమె బస్సుకు వెళ్ళాక అబ్బాయి సంచిలోంచి లెక్చరర్ ఇచ్చిన నియమాల కాగితం తీశాడు. తెర మీద కనిపించే ప్రతి వ్యక్తి పేరూ చివర వెయ్యాలి, లేకపోతే ఆ వీడియోను ఎంపికకు తీసుకోరు అని ఉంది.

"మొకం కనబడకపోతే కనబడ్డట్టు గాదు," అంది మనవరాలు.

"వ్యక్తి అని ఉన్నది బిడ్డా, మొకం అని లేదు. వీపు కూడా వ్యక్తిదే," అన్నాను.

"అంటె ఇప్పుడు ఏం చెయ్యమంటవు, తొక్కుకుంట నాటే వీడియోనే ఇయ్యాల్నా?"

ఆమె నియమాల కాగితం మడిచి అబ్బాయికి ఇచ్చేసింది.

మర్నాడు ఆదివారం చర్చి అయ్యాక ఆటోలో వెళ్ళాము. నేనూ వెళ్ళాను, ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని. అప్పటికి నాట్లు దాదాపు అయిపోయాయి. మోటారు కాలిపోయి ఆలస్యమైన ఒక ముసలాయన మడి మాత్రం శంకరంపేట రోడ్డు పక్కన మిగిలింది. ఆరుగురు ఆడవాళ్ళు నాటు వేస్తున్నారు. పిల్లల చీరలు చూసి ఒకామె నడుము నిలబెట్టింది.

"ఏందమ్మా, సినిమానా? మాకు గూడ రంగు పూస్తరా?"

"మీకెందుకు పెద్దమ్మా, మీరు గట్లనే మస్తున్నరు," అన్నాడు ఎడిటింగ్ అబ్బాయి.

"అయితె మా తాన రంగు పైసలు తీసుకోకు బిడ్డా. జర గా ఒడ్డు పొంటె ఏసుకోండ్రి. మీరు ఏసినకాడ మల్ల మేమే ఏసుకోవాలె." తరువాత నా వైపు తిరిగింది. "టీచరమ్మా, కుర్చీ ఏసుకోని కూసున్నరు, మాకు పరీక్షనా?"

"మీకు గాదు, వీళ్ళకు," అన్నాను.

పరీక్షలో ముగ్గురూ తప్పారు. శంకరంపేట అమ్మాయి చుడీదార్ పైకి దోపుకుని దిగింది. ఎడమ చేతిలో నారు, కుడి చేతి బొటనవేలుతో మూడు నాలుగు మొక్కలు విడదీసి, రెండు వేళ్ళతో బురదలోకి. వంగిన నడుము వంగినట్టే ఉంది. వెనక్కి అడుగు. నేను గడియారం పెట్టి చూశాను. నిమిషానికి యాభై నాలుగు సార్లు ముంచింది ఆ చెయ్యి. మా పిల్లది పదిహేడు. మిగతా ఇద్దరిలో ఒకతె రెండో నిమిషంలోనే వెనక్కి కూలబడింది. అయ్యో చీర అంది. నారు ఏమైందని అడగలేదు.

అబ్బాయి ఫోను పట్టుకుని వాళ్ళ ఎదురుగా నిలబడ్డాడు. ఎదురుగా తీస్తే వంగిన తలలు, జారిన జుట్టు తప్ప ఏమీ రాలేదు. పైగా వాళ్ళు దూరం పోతూనే ఉన్నారు. "అన్నా, ఎనుకకు పో. మేం నీ దిక్కు వస్తం," అంది ఆ అమ్మాయి. అతను ప్యాంటు మడుచుకుని జీవితంలో మొదటిసారి మడిలో దిగాడు. ఒక చెప్పు బురదలో పోయింది. వెనక నిలబడి తీస్తే నాలుగు వీపులు, ఎనిమిది మడమలు కెమెరా వైపే వచ్చాయి. వాళ్ళ ముందు, వాళ్ళు వదిలిన చోట, పచ్చని వరుస పెరుగుతూ పోయింది. ముఖం దాచడానికి ప్రత్యేకంగా ఏమీ చెయ్యనక్కరలేకపోయింది. నాటు వేసే మనిషి ముఖం నీళ్ళకే కనిపిస్తుంది.

ఇంటికి వచ్చి చూస్తే పాట, చెయ్యి కలవలేదు. పాట నడక నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు. కంప్యూటర్‌లో ఎవరో చేసి పెట్టిన డప్పు మోత కింద వేశారు. నేను కాగితం మీద చూపించాను: యాభై నాలుగును రెండింతలు చేస్తే నూట ఎనిమిది. రెండు దెబ్బలకు ఒక ముంచు. ఆ మోత తీసేసి, నీళ్ళ చప్పుడు ఉంచి, ఆ లెక్కకు పాడమన్నాను. పాడింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల పాట మూడు నిమిషాల నలభై నాలుగుకు వచ్చింది. అరవై మూడు ముక్కలు పదహారయ్యాయి. ముక్కకు పద్నాలుగు సెకన్లు. మనిషి చూసే వేగం అది.

ఫిబ్రవరి పద్నాలుగు, శుక్రవారం మూడో పీరియడ్‌లో రెండోసారి చూపించారు. నన్నెవరూ పిలవలేదు. వెళ్ళాను. ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పినదాన్ని, కుర్చీ వెయ్యక తప్పలేదు. వెనక వరుసలో కూర్చున్నాను. ముందు ఒక వీడియో వేశారు. చెరువు కట్ట మీద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఆ అమ్మాయి ఆరు డ్రెస్సులు మార్చింది. డ్రోన్ వాళ్ళ చుట్టూ ఈగలా తిరిగింది. మొదటిసారి చూసినవాళ్ళు స్లో మోషన్ పెంచమన్నారట. పెంచారు. దిద్దుకోవడం అంటే అదే వాళ్ళ ఉద్దేశం. తరగతి ఈలలు వేసింది.

తరువాత మాది. మొదటి నిమిషం ఎవరో దగ్గారు. తరువాత దగ్గులు ఆగాయి. మనవరాలి గొంతు ఆ గదిలో నీళ్ళ చప్పుడు మీద ఒంటరిగా నడిచింది. నలభై మంది విన్నారు. వెలుతురు వచ్చాక లెక్చరర్ లేచాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, గడ్డం మాత్రం శ్రద్ధగా దువ్వుకున్నాడు.

"టోటల్ చేంజ్. మస్తు ఆథెంటిక్ ఉన్నది. గీ లేబర్ లేడీని ఏడకెల్లి తెచ్చిండ్రు? రియల్ కూలి అనిపిస్తున్నది."

తరగతి నవ్వింది. ఎందుకు నవ్విందో తరగతికి తెలియదు.

"ఎండ్‌ల ఆమె పేరు లేదు కదా?"

"పేరు వద్దన్నది సార్," అంది మనవరాలు.

"గట్లెట్ల? లేబర్ అయినా పేరు వెయ్యాలె. డిగ్నిటీ అనేది ఉండాలె. ఇప్పుడు నోటితోని చెప్పు, నేను రాసుకుంట. సెలెక్షన్ మీదే అనుకో."

ఎడిటింగ్ అబ్బాయి నోరు తెరిచాడు. మనవరాలు బెంచీ కింద అతని కాలు తొక్కింది. అది నాకు కనిపించింది. శంకరంపేట అమ్మాయి నాకు రెండు వరుసల ముందు, కిటికీ పక్కన కూర్చుని ఉంది. నోట్‌బుక్ మీద పెన్ను పెట్టి ఉంది. పెన్ను కదలడం లేదు. ఒక్క పేరు చెబితే ఫంక్షన్ హాలు, పెద్ద తెర, ఊరంతా. మనవరాలి చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పను సార్."

"చెప్పవా?"

"మాటిచ్చిన సార్."

"రూల్ అంటే రూల్ అమ్మా," అన్నాడు లెక్చరర్. డిగ్నిటీ గురించి మాట్లాడిన మనిషి ఆ అమ్మాయిని మూడు వరుసల దూరం నుంచి చూస్తూ పోల్చుకోలేకపోయాడు. ఆరు డ్రెస్సుల వీడియోను ఎంపిక చేశాడు. ఆ అమ్మాయి లేచి నిలబడలేదు. అందుకు ఆమెను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. అలాంటి పిల్లలను లేపి నిలబెట్టడమే ఉద్యోగంగా బతికినదాన్ని.

నాలుగు గంటలకు కాలేజీ గేటు దగ్గర మేమిద్దరం ఆటో కోసం నిలబడ్డాము. మనవరాలు ఏడవలేదు. సీసాలో నీళ్ళన్నీ తాగేసి ఖాళీ సీసాను నలుపుతోంది. ఆ అమ్మాయి బస్సుకు వెళుతూ మా దగ్గర ఆగింది. థాంక్స్ చెబుతుందేమోనని విసుక్కోవడానికి సిద్ధమయ్యాను.

"మూడో చరణంల రెండో లైను కాడ నీకు దమ్ము చాల్తలేదు," అంది మనవరాలితో.

"ఏంది?"

"స్పీడ్ చేసినవు కదా. ఆడ గాలి కోసం కొట్లాడుతున్నవు, ఇనవడుతున్నది. చెయ్యి ముంచినప్పుడు ఇడువాలె, చెయ్యి లేసినప్పుడు గుంజాలె. మేం గట్లనే పాడుతం."

"ఇంక గది సక్కగ చేసి ఎవలకు చూపెట్టాలె?"

"నాకు చూపెట్టు," అని ఆమె బస్సు ఎక్కింది. అది శంకరంపేట బస్సు, నాలుగూ ఇరవైది, ఏడు నిమిషాలు ఆలస్యం.

శనివారం ఉదయం తొమ్మిది నుంచి మనవరాలు ఆ రెండు లైన్లే పాడింది. చెయ్యి గాలిలో ముంచుతూ, లేపుతూ. వాళ్ళ నాన్న టీవీ సౌండు పెంచాడు. నేను వెళ్ళి ప్లగ్గు పీకాను. పదకొండుసార్లు ఊపిరి తెగింది. పన్నెండోసారి నిలిచింది. అది ఏ మార్కులకూ లెక్కలోకి రాని పని, అప్పటికి గడువు కూడా దాటిపోయింది. ఎడిటింగ్ అబ్బాయి ఎందుకని గొణుగుతూనే ఆ ముక్క మార్చి ఇచ్చాడు. మనవరాలు దాన్ని శంకరంపేట అమ్మాయికి ఫోనులో పంపింది.

ఆదివారం జవాబు రాలేదు. సోమవారం సాయంత్రం ఆరు గంటలకు వచ్చింది. మనవరాలు నాకు చదివి వినిపించింది. వాళ్ళింట్లో ఫోను ఒక్కటే, అది వాళ్ళమ్మ దగ్గర ఉంటుందట. వాళ్ళమ్మ కలుపుకు పోతూ తీసుకుపోయి మడిలో ఆడవాళ్ళందరికీ పెట్టిందట. ఒడ్డు మీద ఫోను పెట్టుకుని నాలుగుసార్లు విన్నారట. ఐదోసారికి చార్జింగ్ అయిపోయిందట.